పాత కారులో ఉన్నది దాని సొంత ఇంజనేనా? ఆర్‌సీ చెప్పేది కొంతే, ఇనుము చెప్పేది ఇంకొంత

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పాత అంబాసిడరో, పద్మినియో, జీపో అమ్మకానికి వస్తే బేరంలో ఎక్కడో ఒకచోట ఈ మాట వినపడుతుంది: “ఇంజన్ ఒరిజినలే సార్. ఆర్‌సీ చూస్కోండి, నంబర్ కలుస్తది.” అమ్మేవాళ్లు చాలాసార్లు నిజమే చెబుతారు. ఆర్‌సీలో ఉన్న నంబరు, బ్లాకు (సిలిండర్లుండే ఇంజన్ ప్రధాన ఇనుప పోత) మీద ఉన్న నంబరు అక్షరం పొల్లుపోకుండా కలుస్తాయి. అయితే ఆ కారు ఫ్యాక్టరీ నుంచి ఆ ఇంజన్‌తోనే బయటికొచ్చిందా అనే ప్రశ్నకు అది జవాబు కాదు.

నంబరు కలిసిందంటే ప్రభుత్వ రికార్డుకీ బండికీ పేచీ లేదని అర్థం. అంతవరకే. ఇంజన్ మార్చి, ఆర్టీఏ ఆఫీసులో అనుమతి తీసుకుని, కొత్త నంబరు ఎక్కించుకున్న బండికీ నంబరు కలుస్తుంది. పాత నంబరు అరగదీసి, ఆర్‌సీలో ఉన్న అంకెలు పంచ్‌తో, అంటే అంకెల ఉక్కు అచ్చుతో, కొట్టించిన బండికైతే ఇంకా ముచ్చటగా కలుస్తుంది. అందుకే నంబరు, ఆ నంబరు ఉన్న ఇనుము, ఆ ఇంజన్ కూర్చున్న చోటు, ఆఫీసు కాగితం అన్నీ విడివిడిగా చూడాలి. వాటిలో ఏ రెండు కొట్టుకున్నా అసలు సంగతి అక్కడే ఉంటుంది.

ఇంజన్లు ఎందుకు మారాయి

దక్షిణ తెలంగాణలో పాత బండ్ల ఇంజన్లు మారడానికి మోసం కంటే ఖర్చే పెద్ద కారణం. అప్పట్లో పెట్రోలుకూ డీజిల్‌కూ ధరలో బాగా తేడా ఉండేది. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి దారుల్లో జనాన్ని ఎక్కించుకుని తిరిగే జీపు గానీ, హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద కిరాయికి తిరిగే అంబాసిడర్ గానీ పెట్రోలు తాగితే గిట్టుబాటు కాదు. ఇంజన్ దింపి, అరిగిన సిలిండర్లను తొలిచి సరిచేసే బోరు పని చేయించాల్సిన రోజు వచ్చినప్పుడు, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి ఏకంగా డీజిల్ ఇంజన్ ఎక్కించేవాళ్లు. ముప్పై, నలభై ఏళ్ల తర్వాత ఆ బండిని ఎవరో ‘క్లాసిక్’ అని వెతుక్కుంటూ వస్తారని అప్పుడెవరూ అనుకోలేదు. తుక్కుకింద పోయిన పెట్రోలు బ్లాకులకు లెక్కేలేదు.

రెండో కారణం నీళ్లు. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం ఈ ప్రాంతంలో మామూలు. నల్గొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, ఇంజన్ మీద పగబట్టేది ఫ్లోరైడ్ కాదు, ఆ నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వేడికి అవి గట్టి పెచ్చులా బ్లాకులో నీళ్లు తిరిగే వాటర్ జాకెట్ లోపలా, రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటాయి. నీటి దారి సన్నబడుతుంది. మే నెల ఎండలో లోడుతో వెళ్తున్న బండి వేడెక్కి బ్లాకు మీద మూతలా ఉండే హెడ్డు వంగుతుంది, రెంటి మధ్య ఉండే గ్యాస్కెట్ పోతుంది, ఒక్కోసారి బ్లాకే పగులుతుంది. హెడ్డు మార్చుకుంటే సరిపోతుంది, బ్లాకు పగిలితే మాత్రం అసలు నంబరు దానితోపాటే పోతుంది.

మూడోది పెద్ద వర్క్‌షాపుల పద్ధతి. మిలిటరీలోనూ, బండ్లు ఎక్కువగా ఉన్న శాఖల్లోనూ ఒక జీపు ఇంజన్ దింపి బాగుచేసేదాకా ఆ జీపును ఖాళీగా నిలబెట్టరు. బాగుచేసి సిద్ధంగా ఉంచిన ఇంకో ఇంజన్ ఎక్కించి పంపేస్తారు. దిగిన ఇంజన్ తర్వాత ఇంకో బండిలోకి వెళ్తుంది. వేలంలో కొన్న జీపులో ఇంజన్ నంబరు కలవకపోతే దొంగబండి అని తొందరపడి అనుకోనక్కర్లేదు. దానికి ఆ చరిత్ర ఉండటమే సహజం. కలిసిందంటేనే ఎలా కలిసిందని అడగాలి.

ఇక్కడ నంబరు ప్లేటు కూడా ఒక సాక్ష్యమే. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఏపీ-24 అంటే నల్గొండ, ఏపీ-22 అంటే మహబూబ్‌నగర్ అనే పద్ధతి ఆ తర్వాతది. అంతకుముందు మన వైపు బండ్లకు ‘ఏ’తో మొదలయ్యే మూడక్షరాల నంబర్లుండేవి. 1960ల నాటి జీపుకు ఏపీ-24 నంబరు ఉందంటే, అది 1989 తర్వాత ఇక్కడ రిజిస్టర్ అయిందన్నమాట. మిలిటరీ వేలం నుంచి వచ్చి మొదటిసారి సివిల్ నంబరు తెచ్చుకుని ఉండాలి, లేదా వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఉండాలి. ఏదైనా సరే, ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు ఆ రిజిస్ట్రేషన్ రోజున బండిలో ఏ ఇంజన్ ఉందో చెబుతుందే తప్ప, ఫ్యాక్టరీలో ఏది పెట్టారో చెప్పదు. బండి వయసు అరవై ఏళ్లు, కాగితం సాక్ష్యం ముప్పై ఏళ్లు. మధ్య ముప్పై ఏళ్లకు దిక్కు లేదు.

నంబర్లు కలవడం అంటే

ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఒకటే ఉంటే ఒరిజినల్ అని కొందరు అనుకుంటారు. కొన్ని బండ్లకే అది నిజం. 1928–31 మధ్య వచ్చిన ఫోర్డ్ మోడల్-ఏ కారులో ఇంజన్ నంబరే ఫ్రేమ్ మీద కూడా కొట్టేవారు. ఫ్రేమ్ మీది నంబరు బాడీ కింద దాగి ఉంటుంది కాబట్టి బాడీ లేపితే గానీ కనపడదు. రెండో ప్రపంచ యుద్ధం జీపుల్లో ఇంకో తమాషా ఉంది. ఫోర్డ్ చేసిన జీపీడబ్ల్యూలో ఫ్రేమ్, ఇంజన్ నంబర్లు ఒకటే. అదే జీపును విల్లీస్ ఎంబీ పేరుతో చేసినప్పుడు ఆ రెండూ వేరువేరు. ఎంబీలో రెండు నంబర్లూ ఒకటే కనిపిస్తే సంతోషించాల్సిన పనిలేదు, దిగులుపడాలి.

అమెరికాలో జనరల్ మోటార్స్ బండ్లది ఇంకో దారి. 1960ల నుంచి అక్కడ కారు సీరియల్ నంబరులోని అంకెలే ఇంజన్ బ్లాకు మీద కూడా కొట్టడం మొదలైంది. అంటే ఇంజన్ తనంతట తానే ‘నేను ఫలానా కారుదాన్ని’ అని చెబుతుంది. అక్కడి వేలంపాటల్లో ‘మ్యాచింగ్ నంబర్స్’ అనే మాటకు అంత విలువ రావడానికి మూలం అదే. మన అంబాసిడర్‌కు, పద్మినికి ఆ సౌకర్యం లేదు. ఛాసిస్ నంబరు ఒక వరుస, ఇంజన్ నంబరు ఇంకో వరుస. రెండింటినీ ముడివేసేది కాగితమే. ఆ కాగితం పోయాక, ఎంత అనుభవం ఉన్న మెకానిక్ అయినా ఇంజన్‌ను మాత్రమే చూసి ‘ఇది ఈ కారుదే’ అని నూటికి నూరుపాళ్లు చెప్పలేడు. చెప్పేవాళ్లుంటే వాళ్లు అమ్మేవాళ్లై ఉంటారు.

బ్రిటన్‌లో తయారైన మోరిస్ కార్లకు అక్కడి గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం పాత ఉత్పత్తి రికార్డులు చూసి సర్టిఫికెట్ ఇస్తుంది. కారు ఏ రోజు తయారైంది, ఏ ఇంజన్ నంబరుతో వెళ్లింది అన్నవి అందులో ఉంటాయి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్ అదే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతానం అయినా ఆ సర్టిఫికెట్ దీనికి పనికిరాదు. 2014 మేలో ఉత్తర్‌పారాలో ఉత్పత్తి ఆగిపోయింది. 2017లో అంబాసిడర్ పేరు ప్యూజో గ్రూపు చేతికి వెళ్లింది.

ముందు ఏ ఇంజన్ రావాలో తెలియాలి

నంబరు జోలికి వెళ్లకముందే తేలిపోయే బండ్లు చాలా ఉంటాయి. ఆ ఏడాది ఆ మోడల్‌కు అసలు ఏ ఇంజన్ వచ్చేదో తెలిస్తే చాలు.

అంబాసిడర్ మొదట్లో 1476 సీసీ సైడ్‌వాల్వ్ (వాల్వులు హెడ్డులో కాక బ్లాకులో పక్కన ఉండే) ఇంజన్‌తో వచ్చింది. కొద్ది కాలానికే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బీ-సిరీస్ 1489 సీసీ ఇంజన్ దాని స్థానంలోకి వచ్చి దశాబ్దాలపాటు నిలిచింది. ఈ రెంటినీ బానెట్ ఎత్తగానే గుర్తుపట్టొచ్చు. సైడ్‌వాల్వ్ ఇంజన్ హెడ్డు చదునుగా ఉంటుంది. బీ-సిరీస్‌కు పైన వాల్వులను నడిపే భాగాలను కప్పే పొడుగాటి రాకర్ కవర్ ఉంటుంది. మొదటి ఏడాది అంబాసిడర్ అని చెప్పి బానెట్ ఎత్తితే రాకర్ కవర్ కనపడిందంటే ఇంజన్ ఎప్పుడో మారినట్టే. 1990ల్లో జపాన్ కంపెనీ ఇసుజు 1817 సీసీ పెట్రోలు ఇంజన్ అంబాసిడర్‌కు వచ్చింది, దానితోపాటే అయిదు గేర్లు, ఫ్లోర్ గేరు. అంతకు ముందటి మార్క్-2 అంబాసిడర్‌లో స్టీరింగ్ పక్కన గేరు ఉండాల్సిన చోట రంధ్రం మూసేసి, కింద గేరు రాడ్డు ఉంటే దాని కథ కూడా అర్థమైనట్టే.

అసలు చిక్కు 1980 ప్రాంతంలో వచ్చిన డీజిల్ అంబాసిడర్‌తో. ఆ డీజిల్ ఇంజన్ కూడా బీ-సిరీస్ కుటుంబంలోదే, అదీ 1489 సీసీనే. ఆర్‌సీలో సీసీ గడి చూసి ‘ఒరిజినల్’ అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. పెట్రోలైనా డీజిలైనా అంకె ఒకటే. పైగా ఒకే కుటుంబం కాబట్టి ఇసుజు లాగా పెద్ద కోతలు, వెల్డింగులు అక్కర్లేకుండా ఒకదాని చోట ఇంకోటి కూర్చుంటుంది. ఇంధనం గడిలో పెట్రోలు అని ఉండి బానెట్ కింద డీజిల్ ఇంజన్‌కు ఉండే ఇంజెక్టర్ పంపు ఉంటే మాత్రం దాచేదేమీ లేదు.

జీపుల్లోనూ ఇదే తకరారు. విల్లీస్ సైడ్‌వాల్వ్ ఇంజన్, ఆ తర్వాత ఎత్తు బానెట్ సీజే-3బీలో వచ్చిన ఎఫ్-హెడ్ ఇంజన్ రెండూ 2199 సీసీనే. సీజే-3బీ బానెట్ అంత ఎత్తుగా ఉండటానికి కారణమే ఆ ఎఫ్-హెడ్ ఇంజన్. దానిలో లోపలికి పీల్చే వాల్వులు హెడ్డులో ఉంటాయి కాబట్టి ఇంజన్ పొడుగు పెరిగింది. ఎత్తు బానెట్ తెరిస్తే లోపల చదును హెడ్డు ఇంజన్ కనిపించి, పైన జానెడు ఖాళీ ఉంటే అది ఆ జీపుది కాదు. మనవైపు ఎక్కువగా కనిపించే మార్పు ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 డీజిల్. నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు అన్నదే ఆ పేరు, సామర్థ్యం 2112 సీసీ. పెట్రోలు జీపులో ఆ ఇంజన్ ఉంటే అది తర్వాత ఎక్కించిందే. అలాగని డీజిల్ జీపు కనపడగానే మార్చిందని తీర్పు చెప్పకూడదు. మహీంద్రా తన ఫ్యాక్టరీలోనే డీజిల్ జీపులు కూడా చేసింది.

ఫియట్–పద్మిని సంగతి ఒక విధంగా తేలిక, ఇంకో విధంగా కష్టం. 1960ల ఫియట్ 1100డీ నుంచి ఆఖరి పద్మినిల దాకా పెట్రోలు ఇంజన్ అదే 1089 సీసీ. 1966 బండిలో 1990ల ఇంజన్ ఎక్కించినా పైపైన చూస్తే తేడా కనపడదు. మోడల్‌ను బట్టి తేలదు కాబట్టి నంబరు దగ్గరకే వెళ్లాలి. అంబాసిడర్ కంపెనీ వారిదే అయిన కాంటెస్సా కారు 1984లో అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్‌తోనే వచ్చింది, ఇసుజు తర్వాత వచ్చింది. తొలి బండ్లలో ఇసుజు ఉంటే యజమాని పికప్ కోసం మార్చుకున్నాడనే అర్థం. ఆ పని చేసినందుకు అతన్ని తప్పుపట్టలేం కూడా.

ఇనుము మీద నంబరు

బ్లాకు మీద రెండు రకాల అంకెలుంటాయి. పైకి ఉబ్బి కనిపించేవి పోతపోసినప్పుడు అచ్చులోంచి వచ్చినవి. వాటిని కాస్టింగ్ నంబర్లంటారు, ఒకే అచ్చులో పోసిన వేల బ్లాకులకు అదే నంబరు ఉంటుంది. లోపలికి దిగి ఉన్నవి పంచ్‌తో కొట్టినవి. ఇంజన్ నంబరు అంటే ఇదే. కాస్టింగ్ నంబరును ఇంజన్ నంబరని రాసుకుని, కలవలేదని బండి వదులుకున్నవాళ్లూ ఉంటారు.

నంబరున్న చోటును కడగకముందే ఒక ఫొటో తీయాలి. బ్లాకంతా ఏళ్లనాటి ఆయిలు, దుమ్ము గట్టిగా పట్టి ఉండి, నంబరున్న నాలుగంగుళాల మేర మాత్రం తళతళలాడుతూనో, కొత్త పెయింటుతోనో ఉంటే ఆ ఫొటోనే మొదటి ఆధారం. ఆ తర్వాత కిరసనాయిలులో ముంచిన పాత టూత్ బ్రష్‌తో మెల్లగా రుద్దాలి. వైర్ బ్రష్, ఎమరీ కాగితం ముట్టుకోకూడదు, అవి పెట్టే గీతలు తర్వాత ఎవరి గీతలో తెలియకుండా పోతాయి. ఆరిన తర్వాత సుద్దముక్క రాసి గుడ్డతో పైపైన తుడిస్తే పొడి అంకెల గుంటల్లో మిగిలి నంబరు తెల్లగా తేలుతుంది. టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి, దాదాపు ఇనుముకు ఆనించి వేస్తే గుంటలు, గీతలు నీడలతో సహా కనపడతాయి. చివరగా ఆర్టీఏలోనూ, ఇన్సూరెన్సు వాళ్లూ తీసినట్టే కాగితం ఆనించి పెన్సిల్ రుద్ది ప్రింట్ తీసుకోవాలి. ఫొటోలో అంకెల సైజు మారిపోతుంది, ప్రింట్‌లో మారదు.

ఇప్పుడు చూడాల్సింది అంకెల కంటే వాటి చుట్టూ ఉన్న ఇనుమును. ఫ్యాక్టరీలో నంబరు కొట్టే ముందు ఆ చోటును మిషన్ మీద చదును చేస్తారు. ఆ కట్టర్ వదిలిన సన్నటి గీతలు వరుసగా, సమానంగా ఉంటాయి. అంకెల మధ్య కూడా అవి తెగకుండా నడిస్తే మంచి గుర్తు. గ్రైండర్ పెడితే వంపు తిరిగిన గీతలొస్తాయి. ఎమరీతో రుద్దితే ఒకదాన్నొకటి కోసుకునే గీకుళ్లు కనపడతాయి. స్టీల్ స్కేలును ఆ చోట నిలువుగా ఆనించి చూస్తే, అరగదీసిన చోట మధ్యలో వెలుతురు దూరుతుంది. పాత అంకెల అంచులు మొద్దుబారి, లోపలి తుప్పు చుట్టూ ఉన్న తుప్పు రంగులోనే ఉంటుంది. అంచులు చేతికి గరుకుగా తగిలి, అడుగు మెరుస్తుంటే ఈమధ్య కొట్టిందే.

అంకెలు వంకరగా ఉన్నాయి కాబట్టి దొంగది అనుకోవడం తప్పు. ఆ రోజుల్లో చాలా ఫ్యాక్టరీల్లో నంబరు చేతితోనే, ఒక్కో పంచ్ పెట్టి సుత్తితో కొట్టేవారు. సోమవారం పొద్దున కొట్టింది ఒకలా, శనివారం సాయంత్రం కొట్టింది ఇంకోలా ఉండొచ్చు. చూడాల్సింది అంకెల రూపం. 4 పైభాగం మూసి ఉందా తెరిచి ఉందా, 3 నెత్తి గుండ్రమా చదునా, 1కి కింద గీత ఉందా లేదా. అదే ఏడాది, అదే మోడల్, అనుమానం లేని ఇంకో బండి ప్రింట్ పక్కన పెట్టి పోల్చితే బజారు పంచ్ సెట్టు దొరికిపోతుంది. జిల్లాల్లో పాత బండ్లున్నవాళ్లు ఒకరి ప్రింట్లు ఒకరు దాచిపెట్టుకుంటే అందరికీ మేలు.

నంబరు బ్లాకు మీద కాకుండా చిన్న ప్లేటు మీద ఉంటే ఇంకా జాగ్రత్త. బీఎంసీ బీ-సిరీస్ ఇంజన్లలో బ్లాకు పక్కన రివెట్లతో బిగించిన ప్లేటు మీద నంబరు ఉండటం మామూలు. ప్లేటు ఊడదీసి ఇంకో బ్లాకు మీద బిగించడం పావుగంట పని. అప్పుడు ప్లేటు ఒరిజినల్, నంబరు ఒరిజినల్, ఇంజన్ ఒక్కటే కాదు. రివెట్ల తలలు కొత్తగా ఉన్నాయా, ప్లేటు మూలల చుట్టూ డ్రిల్ జారిన గాట్లున్నాయా, ప్లేటు కింది నుంచి పెయింటు అంచు బయటికి కనిపిస్తోందా అన్నవి చూడాలి.

నంబరు లేకపోవడం కూడా ఎప్పుడూ మోసం కాదు. కొన్ని ఇంజన్లలో, ఉదాహరణకు షెవర్లే వాటిలో, నంబరు కొట్టే చోటు హెడ్డు కూర్చునే మట్టానికి ఆనుకుని ఉంటుంది. వేడెక్కి వంగిన బ్లాకును లేత్ షాపులో పైమట్టం చదును చేసే ఫేసింగ్ చేయించినప్పుడు నంబరు కూడా పొట్టుతోపాటు లేచిపోతుంది. కంపెనీ విడిభాగంగా అమ్మిన ఖాళీ బ్లాకులకు నంబరే ఉండేది కాదు. అలాంటి బ్లాకు మీద ఆర్‌సీ నంబరు కొట్టించుకున్నవాళ్లలో చాలామంది ఫిట్‌నెస్ కోసం తిప్పలు పడలేక చేసినవాళ్లే. కొనేవాడికి మాత్రం ఫలితం ఒకటే, అది అసలు ఇంజన్ కాదు.

ఇక పోత తేదీ. చాలా బ్లాకుల మీద పోతపోసిన తేదీ ఏదో ఒక సంకేతంలో ఉంటుంది. జనరల్ మోటార్స్ వారిది చదవడం సులువు: నెలకు ఒక అక్షరం, తర్వాత తారీఖు, చివర ఏడాది ఆఖరి అంకె. ‘సీ 15 8’ అంటే మార్చి 15, ఏడాది 8తో ముగిసేది, అంటే 1968 కావచ్చు, 1978 కావచ్చు. ఎవరి సంకేతం ఎలా ఉన్నా సూత్రం ఒకటే. బ్లాకు కారు కంటే ముందు పుట్టాలి. కొన్ని వారాలో, కొన్ని నెలలో తేడా ఉండటం సహజం. బ్లాకు పోత తేదీ కారు తయారైన తేదీకి ఒక్క నెల తర్వాతదైనా సరే, ఇక వాదన అక్కర్లేదు. నంబరు ఎంత అందంగా కలిసినా ఆ కారులో అది పుట్టలేదు. పంచ్ కొట్టేవాళ్లు నంబరు మారుస్తారు గానీ, ఉబ్బి ఉన్న పోత తేదీని మార్చడం అంత తేలిక కాదు. చెక్కేస్తే చెక్కిన మచ్చ ఉంటుంది.

పోలీసు కేసు దాకా వెళ్తే గీకేసిన నంబరు కూడా బయటపడొచ్చు. పంచ్ దెబ్బకు అంకె కింద ఉన్న లోహం కూడా కొంత లోతు దాకా నలుగుతుంది. పైపొర అరగదీసినా ఆ నలిగిన భాగం మిగిలే ఉంటుంది, తగిన యాసిడ్ మందు పూస్తే అది చుట్టూ ఉన్న ఇనుముకంటే వేరుగా కరిగి పాత అంకె నీడలా తేలుతుంది. ఇది ఫోరెన్సిక్ ల్యాబ్ పని. షెడ్డులో ఎవరో బ్యాటరీ యాసిడ్ పోసి చూద్దామంటే వద్దనాలి.

ఇంజన్ చుట్టూ

ఇంజన్ మార్చినవాళ్లు నంబరు గురించి ఎంత ఆలోచిస్తారో, చుట్టూ ఉన్న రేకు గురించి అంత ఆలోచించరు. డీజిల్ ఎక్కించిన పెట్రోలు బండిలో ఇగ్నిషన్ కాయిల్ బిగించిన రంధ్రాలు ఖాళీగా మిగులుతాయి, డ్యాష్‌బోర్డులో చోక్ నాబ్ చోటు బోసిగా ఉంటుంది. ఇప్పుడు గాలి తిరిగింది. పాత బండి మోజుతో డీజిల్ దింపి మళ్లీ పెట్రోలు ఇంజన్ ఎక్కించి ‘ఫ్యాక్టరీ ఒరిజినల్’ అని అమ్ముతున్నారు. వాటిలో హీటర్ ప్లగ్ స్విచ్ ఉన్న రంధ్రం, డీజిల్ ఫిల్టరు బిగించిన బ్రాకెట్ గుర్తులు వెతకాలి. ఇంజన్ మౌంటింగుల దగ్గర వెల్డింగు, కోసి అతికించిన క్రాస్‌మెంబర్, పొడుగు తగ్గించి మళ్లీ అతికించిన ప్రొపెల్లర్ షాఫ్ట్, ఇంజన్‌కు సరిపడని రేడియేటర్, వేరే పక్కకు తిప్పిన సైలెన్సర్ గొట్టం. వీటిలో రెండు కనపడితే మిగతావి కూడా దొరుకుతాయి.

కాగితాల దగ్గర

ఆర్‌సీ కార్డు చివరి పేజీ మాత్రమే, మొదటి పేజీ కాదు. బండి మొదట ఎక్కడ రిజిస్టర్ అయిందో ఆ ఆఫీసు నుంచి బీ-రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ (ఆఫీసు పుస్తకంలో ఆ బండి వివరాల నకలు) తీసుకుంటే మొదట రాసిన ఇంజన్ నంబరు, మధ్యలో ఏమైనా మార్చి ఉంటే ఆ ఎంట్రీ తెలుస్తాయి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాక సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాలలకు వేరే కోడ్‌లు వచ్చాయి. కానీ 1995లో గద్వాలలో కొన్న బండి పాత రికార్డు మహబూబ్‌నగర్‌దే, కోదాడ బండిది నల్గొండదే. తిరగాల్సింది ఆ కౌంటర్ల చుట్టూ.

చేతిరాత పుస్తకాల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు 8 కాస్తా ‘బీ’ అయిపోవడం, సున్నా ‘ఓ’ అయిపోవడం కొత్తేమీ కాదు. ఒక్క అక్షరం తేడాతో నంబరు కలవకపోతే ముందు ఈ సంగతి చూడాలి, ఆ తర్వాతే టెన్షన్ పడాలి. పాత ఆర్‌సీ పుస్తకం, మొదటి ఇన్‌వాయిస్, పాత ఇన్సూరెన్సు పాలసీలు, వేలం బండైతే ఆ సేల్ లెటర్ అడగాలి. ఇంట్లో ఇనప్పెట్టెలో పడి ఉన్న ముప్పై ఏళ్ల నాటి పాలసీ కాగితం ఒక్కోసారి ఆఫీసు రికార్డు కంటే ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ దిద్దలేదు.

చట్టం ప్రకారం ఇంజన్ మార్చడం నేరం కాదు, చెప్పకుండా మార్చడమే తప్పు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద రిజిస్టరింగ్ అధికారి అనుమతి కావాలి, అది ఆర్‌సీలో ఎక్కాలి. ఎక్కించుకున్న బండికి విలువ తగ్గొచ్చు గానీ రోడ్డు మీద భయం లేదు.

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలతో ఈ విషయానికి కొత్త బరువు వచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న రెండు, నాలుగు చక్రాల సొంత వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, రీ-రిజిస్ట్రేషన్‌కు 5,000, గడువు పదేళ్లు. ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్లలో చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదన్నది షరతు. అలా నంబరు తెచ్చుకున్న బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప రోజూ తిప్పకూడదు. 1970ల తొలినాళ్ల మార్క్-2 అంబాసిడర్లు ఇప్పటికే ఆ యాభై ఏళ్ల గీత దాటాయి. ఎప్పుడో కిరాయి కోసం డీజిల్ ఎక్కించుకున్నవి ఈ షరతు దగ్గర ఆగిపోతాయి.

కాబట్టి ఇంజన్ అసలుది కాదని తేలినప్పుడు బేరం వదిలేసి వెళ్లిపోకుండా ఇంకో ప్రశ్న అడగాలి: దింపిన ఇంజన్ ఏమైంది? మన వైపు షెడ్ల వెనక, ఇళ్ల పశువుల కొట్టాల్లో పాత బ్లాకులు ఏళ్ల తరబడి పడి ఉండటం అరుదేమీ కాదు. పగిలిందని పక్కన పడేసినదైనా సరే, నంబరున్న చోటు బాగుంటే బండితోపాటు దాన్నీ కొనుక్కోవాలి. పోత ఇనుము పగులును వెల్డింగు వేడి లేకుండా మరలతో కుట్టే మెటల్ స్టిచింగ్ పద్ధతి ఉంది, అరిగిన బోరుకు స్లీవ్ వేయొచ్చు. ధర రాసుకునేటప్పుడే ఆ బ్లాకు నంబరు కూడా అగ్రిమెంటులో రాయించుకుని, పెన్సిల్ ప్రింట్ మీద అమ్మినవాళ్ల సంతకం తీసుకుంటే, ఆ తర్వాత ఎక్స్‌ట్రాక్ట్‌లో అదే నంబరు కనపడిన రోజున ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, అసలు ఇంజన్‌ను తిరిగి ఎక్కించుకోవడానికి ఆర్టీఏకు దరఖాస్తు చేసుకోవచ్చు.